పూత మీద కొన్న షేర్లు

ఆ కంపెనీకి ఆ మూడు నెలల ఫలితాలు చాలా బాగా వచ్చాయి. అందువల్ల మా అప్ప మళ్ళీ జీడి ఫ్యాక్టరీకి పోవలసి వచ్చింది. ఈ రెండు మాటల మధ్య ఏదో వాక్యం రాలిపోయిందని మీకు అనిపించవచ్చు. నాకూ కొన్నాళ్ళు అలాగే అనిపించింది. దాని కోసం వెతికి వెతికి విసిగిపోయాక, చివరికి ఆ వాక్యం చెప్పింది కూడా మా అప్పే.

నేను టెక్కలిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. గుమాస్తా అంటే చిన్నతనమని ఇప్పుడు సీనియర్ అసిస్టెంటు అంటున్నారు, ఫైళ్ళు మాత్రం అవే. ఇల్లు కాశీబుగ్గలో. పొద్దున్న బస్సు, సాయంత్రం బస్సు. ఇరవై ఏడేళ్ళుగా హైవే పక్క చెట్లు చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాను. రిటైర్మెంటుకి ఇంకా కొన్నేళ్ళుంది. ఆ కొన్నేళ్ళూ నా బదులు ఎవరైనా చేసిపెడితే బాగుండును అనిపించే వయసు నాది.

మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప నాకంటే మూడేళ్ళు పెద్ద. పూండి అవతల, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉన్న ఊళ్ళో ఉంటుంది. బావ కిడ్నీ జబ్బుతో పోయి పదేళ్ళు దాటింది. ఈ జబ్బుకి పేరుపడ్డ మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, ఎన్నాళ్ళు డయాలసిస్ చేయించారని మాత్రం అడుగుతారు. పిల్లలు లేరు. ఉన్న ఎకరం తోటలో కొబ్బరి చెట్లన్నీ తుపానుకి పడిపోయాయి. తర్వాత వేసిన జీడి మొక్కలు ఇప్పుడిప్పుడే నాలుగు పిక్కలు రాలుస్తున్నాయి. వాటితో ఇల్లు గడవదు కనుక ఆవిడ రోజూ పొద్దున్నే ఆటో ఎక్కి పలాస వచ్చి జీడి ఫ్యాక్టరీలో పప్పుకి పొట్టు తీసేది.

ఆ పని ఆవిడ పద్నాలుగో ఏట మొదలుపెట్టింది. మధ్యలో పెళ్ళయి కొన్నేళ్ళు మానినా, మళ్ళీ ఆ పీట మీదకే వచ్చింది. చిన్న కత్తితో పప్పు మీది ఎర్రపొట్టు గీకాలి, పప్పు విరగకూడదు. విరిగితే నిండు గుండుపప్పు కాస్తా బద్ద అయిపోతుంది, బద్దకి రేటు లేదు. ఎంత ఒలిస్తే అంత కూలి. అందుకని పొద్దున్న పీట మీద కూర్చున్న మనిషి అన్నం తినడానికి తప్ప లేవదు. అప్ప మోకాళ్ళు అక్కడే అరిగాయి. "కూకుంటే లెగనేను, లెగిత్తే కూకోనేను" అని తన మీద తనే హాస్యమాడేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఆవిడకి ఉన్నది ఒకటే కోరిక. రెండు పాడిగేదెలు కొనుక్కుని, పాలకేంద్రానికి పాలు పోసుకుంటూ, ఆ పీట మీద నుంచి శాశ్వతంగా లేచిపోవాలి. పడిపోయిన కొబ్బరి చెట్లకి వచ్చిన పరిహారం, తను కూలిలో మిగుల్చుకున్నది కలిపి పోస్టాఫీసులో వేసుకుంది. రెండు గేదెలకీ, వాటి మీద ఒక రేకుల పాకకీ అది చాలదు. ఇంకొంచెం కావాలి. ఆ ఇంకొంచెం దగ్గరే నేను తల దూర్చాను.

కరోనా రోజుల్లో నాకు షేర్ల పిచ్చి పట్టింది. పట్టించింది మా సెక్షన్‌లో నా పక్క కుర్చీ మనిషి. అతనికీ నాకూ చుట్టరికమేమీ లేదు, అయినా అతను నన్ను బావా అంటాడు, నేనూ అతన్ని బావా అనే అంటాను. ఫోన్‌లో ఆప్ వేసిపెట్టాడు, వాట్సాప్‌లో ఒక మార్కెట్ గ్రూపులో చేర్పించాడు. టెక్కలి, పలాస చుట్టుపక్కల టీచర్లు, గుమాస్తాలు, ఒకరిద్దరు మందుల షాపుల వాళ్ళు అందులో ఉన్నారు. ఎవరికీ ఏమీ తెలియదు, కానీ అందరూ తెల్లారేసరికి ఏదో ఒకటి చెప్పేవారు. నాకూ ఒక ప్రత్యేకమైన తెలివి ఉందని నా నమ్మకం. అది మా నాన్న దగ్గర నేర్చుకున్నది.

మా నాన్న జీడితోటల బేరగాడు. పూత మీద తోటలు కొనేవాడు. అంటే, మాఘమాసంలో చెట్లు పూత మీద ఉండగా తోట చుట్టూ తిరిగి, ఇది ఇన్ని బస్తాల పిక్కలు కాస్తుందని మనసులో లెక్క వేసుకుని, తోట యజమానికి ఒక ధర చెప్పి డబ్బు ఇచ్చేయాలి. ఆ తర్వాత మంచుకి పూత మాడినా, గాలికి రాలినా, పురుగు తిన్నా ఆ నష్టం కొన్నవాడిదే. బాగా కాస్తే ఆ కాపూ వాడిదే. మా చిన్నప్పుడు నాన్న వెనకాల నేనూ అప్పా తోటలకి పోయేవాళ్ళం. ఆయన పూతరెమ్మ వంచి వాసన చూసేవాడు, ఆకు తిరగేసి పురుగు ఉందేమో చూసేవాడు. చెట్టు కింద నిలబడి ఎన్ని బస్తాలంటావని మమ్మల్ని అడిగేవాడు. అప్ప చెప్పిన లెక్క ఆయన లెక్కకి దగ్గరగా ఉండేది. నేను చెప్పింది విని నవ్వేవాడు.

నేను హైస్కూల్లో చేరాల్సిన ఏడు మాకు పెద్ద దెబ్బ తగిలింది. పంట పోయింది. నాకు గుర్తున్నవి ముక్కలు ముక్కలుగానే. ఆ వేసవంతా వసారా నిండా పిక్కలు పోసి ఉండడంతో చోటు లేక నేనూ అప్పా వాకిట్లో నులకమంచం మీద పడుకున్నాం. నాకది పండగలా ఉండేది. తర్వాత వాన పడింది. నల్లబడిపోయిన పిక్కల్ని అమ్మ చేటతో ఎత్తిపోస్తూ ఏడ్చింది. నాన్న తోటల బేరం మానేసి నౌపడ ఉప్పుమళ్ళలోకి కూలికి పోయాడు. అప్ప బడి మానేసింది. ఏమైందని ఎప్పుడు అడిగినా ఇంట్లో ఒకటే మాట, ఆ ఏడు దెబ్బ తిన్నాం అని. తోటల వాళ్ళు దెబ్బ తినడమంటే పంట పోవడమే కదా. నలభై ఏళ్ళకి పైగా నేను అలాగే అనుకున్నాను, మా ఆవిడకీ అలాగే చెప్పాను.

అందుకని షేర్లు కొనేటప్పుడు నేను చూసేది ఒకటే. పంట పోతుందా, పోదా. బెంగళూరులో ఉన్న ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీని నేను ఆరు నెలలు చూశాను. చేతిలో ఆర్డర్లు బోలెడు. కంపెనీకి అప్పు లేదు. కొత్తగా వచ్చిన కృత్రిమ మేధ పనులన్నీ వాళ్ళకే వస్తున్నాయని టీవీ చెబుతోంది, పేపరు చెబుతోంది, మా గ్రూపులో మందుల షాపతను రోజుకి రెండుసార్లు చెబుతున్నాడు. మా నాన్న ఆకు తిరగేసి చూసినట్టే నేనూ తిరగేసి చూశాను. ఎక్కడా పురుగు లేదు. నా పొదుపంతా అందులో పెట్టాను. పెట్టినవాడిని ఊరుకోవచ్చు కదా, ఒక ఆదివారం బండి వేసుకుని అప్ప ఊరికి పోయాను.

ఆవిడ గుమ్మం ముందు కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. పోస్టాఫీసు డబ్బు తీసి ఇందులో పెడదామని, మూడు నెలల్లో ఫలితాలు వస్తాయని, అవి వచ్చాక రేటు పెరుగుతుందని, గేదెలతో పాటు పాక కూడా అయిపోతుందని అరగంట చెప్పాను. ఆవిడ చేపలు ఏరుతూనే విన్నది. చివరికి ఒక్క ప్రశ్న అడిగింది.

"ఎంతకి కొంటన్నావు?"

"రేటు ఎక్కువే అప్పా. బాగున్నదానికి ఎక్కువే ఉంటాది కదా. ముందు పూత సూడు. సెట్టు కనబడకుండా పూసినాది."

ఆవిడ నా మొహం వైపు కాసేపు చూసింది. ఇంకేమీ అడగలేదు. చేతులు కడుక్కుని లోపలికి పోయి, బియ్యం డబ్బాలోంచి పోస్టాఫీసు పుస్తకం తీసి తెచ్చి నా చేతిలో పెట్టింది. నా మాటకారితనం మీద నాకు చాలా ముచ్చటేసింది.

మూడు నెలలూ బాగానే గడిచాయి. రేటు కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది. నేను బస్సులో కూర్చుని ఫోన్‌లో ఆ అంకె చూసుకుని, లోపల పెట్టి, కోటబొమ్మాళి బస్సు ఎదురొచ్చేలోగా మళ్ళీ తీసి చూసుకునేవాణ్ణి. ఫలితాలు వచ్చే వారమే పని మానేయమని అప్పకి నేనే చెప్పాను. శనివారంతో మానేస్తానని ఆవిడ మేస్త్రీకి చెప్పింది.

ఫలితాలు గురువారం సాయంత్రం వచ్చాయి. మార్కెట్ మూసేశాక చెబుతారు వాళ్ళు. లాభం పెరిగింది, ఆదాయం పెరిగింది, కొత్త ఆర్డర్లు పెరిగాయి. పంట పోలేదు. నేను చెట్టు కింద నిలబడి చెప్పిన లెక్క మొదటిసారి సరిపోయింది. గ్రూపంతా దండాలు, లడ్డూ బొమ్మలు, చప్పట్లు. రేపు నూటికి పది పెరగడం ఖాయమని మందుల షాపతను రాశాడు. దాని కింద నేను కూడా ఒక బొటనవేలి బొమ్మ పెట్టాను. బస్టాండు దగ్గర అరకిలో కాజాలు కొన్నాను. ఇంటికి పోయి అప్పకి ఫోన్ చేసి రిజల్టు వచ్చింది, బ్రహ్మాండం అన్నాను. ఆవిడ మంచిదేరా అని ఊరుకుంది.

శుక్రవారం పొద్దున్న మార్కెట్ తెరిచాక పావుగంట సేపు రేటు పైకి పోయింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. నేను ఒక పెన్షన్ ఫైలు ముందు పెట్టుకుని, దాని కింద ఫోన్ పెట్టుకుని చూస్తూ ఉన్నాను. టీ వేళకి నూటికి నాలుగు, భోజనాల వేళకి నూటికి తొమ్మిది పోయింది. గ్రూపులో లడ్డూలు పెట్టినవాళ్ళెవరూ పలకడం లేదు. టీ కొట్టు టీవీలో టై కట్టుకున్న మనిషి ఒకాయన, ఫలితాలు అద్భుతంగా ఉన్నందువల్ల మదుపరులు లాభాలు స్వీకరిస్తున్నారని చెప్పాడు. ఎవరి లాభాలు ఎవరు స్వీకరిస్తున్నారో చెప్పలేదు. వచ్చే మూడు నెలలూ ఇలాగే ఉంటుందని కంపెనీ పెద్దాయన అన్నాడట, అందుకూ పడిందట. ఇలాగే ఉండడమంటే బాగుండడమే కదా అని మా పక్క కుర్చీ బావని అడిగాను.

"సరిపోదు బావా. ఇంకా బాగుంటాదని అనాల" అన్నాడు అతను. "ఈ మాత్రం బాగుంటాదని అందరికీ ముందే తెలుసు. అదంతా ముందే రేటులో కలిసిపోనాది."

అతను కూడా ఎవరో చెప్పింది వల్లిస్తున్నాడని నాకు తెలుసు. బాగా వస్తే పడుతుంది, బాగా రాకపోతే ఎలాగూ పడుతుంది. ఇంక ఎప్పుడు పెరుగుతుంది ఇది అని నాకు చిరాకేసింది. అతని మీద కాదు. నా మీద నాకే, యాభై దాటాక కొత్తగా బడికి పోయి అన్నీ తప్పులు చేస్తున్నందుకు.

సరిగ్గా ఆ సమయానికే అప్ప ఫోన్ చేసింది. ఫ్యాక్టరీలో అన్నాల వేళ. పక్కన ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి. అంతా బాగానే ఉన్నాదా, రేపు మానేస్తన్నాను మరి, అని అడిగింది.

"రిజల్టు బాగా వచ్చింది అప్పా" అన్నాను.

అది అబద్ధం కాదు. ఇన్నేళ్ళు ఆఫీసులో పనిచేసి నేర్చుకున్న విద్య అది, అబద్ధం కాని సమాధానం రాయడం. సోమవారానికి మళ్ళీ పెరుగుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అప్పుడే నిజం చెప్పి ఉంటే ఆవిడ మర్నాడు మానేసేది కాదు.

శనివారం మానేసింది. ఆడవాళ్ళంతా తలా ఇంత వేసుకుని మిక్చరు, టీ తెప్పించారట. ఆ ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. పని మానేసే మనిషి తన కత్తిని పక్క పీట మనిషికి ఇచ్చి పోవాలి. ఏళ్ళ తరబడి అరిగిన కత్తికి పొట్టు ఒడుపుగా వస్తుంది, పప్పు విరగదు. అప్ప కత్తి కోసం ఇద్దరు పోటీ పడ్డారని ఆ సాయంత్రం ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. గెలిచిందెవరని నేను అడగలేదు. అప్పటికి నా మనసు మనసులో లేదు.

సోమవారం పెరగలేదు. మంగళవారం కూడా. ఆ వారం అయ్యేసరికి నూటికి ఇరవై దాకా పోయింది. మేం కొన్న రేటుకి బాగా దిగువన నిలబడింది. మా ఆవిడ నా మొహం చూసి అడిగి తెలుసుకుంది. నా డబ్బు పోయినందుకు ఏమీ అనలేదు. అప్ప డబ్బు కూడా అందులోనే ఉందని తెలిశాక మాత్రం, ఆదివారం పోయి నోటితో చెప్పిరా, ఫోన్‌లో వద్దు, అంది.

ఆదివారం పొద్దున్న పోయాను. ఇంటి వెనక తాటాకు పాక శుభ్రం చేసి ఉంది. అప్ప నేల అలికి, రెండు గుంజలు పాతించింది. ఒక పక్క గడ్డిమోపు. ఆ మోకాళ్ళతో ఎలా అలికిందో. పక్క ఊళ్ళో రెండు గేదెల్ని చూసి వచ్చానని, ఒకటి రెండో ఈతదని, నెమ్మదైనదని, చన్నులు బాగున్నాయని చెప్పుకుపోయింది. వాటికి పేర్లు కూడా అనుకుంది కానీ, ఇక్కడ రాయను. నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఆగినప్పుడు చెబుదామనుకుంటే ఆవిడ ఆగలేదు. చివరికి మధ్యలోనే చెప్పేశాను.

ఎంత తగ్గిందో ఫోన్‌లో రేటు గీత మీద చూపించాను. ఇది మనం కొన్న చోటు, ఇది ఇప్పుడు ఉన్న చోటు, అని వేలు పెట్టి చూపించాను. ఇప్పుడు అమ్మితే ఒక గేదె వస్తుంది. ఉన్న ఒక్క గేదె ఒట్టిపోతే ఆ నాలుగు నెలలూ తినడానికి ఏమీ ఉండదు, ఆ సంగతి ఆవిడకి నేను చెప్పక్కర్లేదు. ఆవిడ గీతని చాలాసేపు చూసింది.

"పంట పోనాదేటి?" అంది.

"లేదప్పా. పంట బాగానే వచ్చింది. అదే నాకు అర్థం కావడం లేదు. నాన్నకైతే ఆ ఏడు పంట పోయింది, దెబ్బ తిన్నాడు. ఇది అలా కాదు."

ఆవిడ తలెత్తి చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఒక పెద్ద పిల్లాడికి ఇంకా అక్షరాలు రాలేదని తెలిసినప్పటి చూపు.

"పంట పోనాదని నీకెవులు సెప్పినార్రా? వసారా నిండా పిక్కలున్నాయి. మనిద్దరం వాకిట్లో పడుకున్నాం. పంట పోతే ఆ పిక్కలెక్కడివి?"

ఆ నులకమంచం, ఆ నల్లబడ్డ పిక్కలు, రెండూ నా దగ్గరే ఉన్నాయి ఇన్నేళ్ళూ. వాటిని పంట పోయిందన్న మాట పక్కన పెట్టి ఒక్కసారి కూడా చూడలేదు.

అప్ప చెప్పింది. ఆ ఏడు ఉద్దానం అంతా ఎన్నడూ లేనంత పూత పూసిందట. బేరగాళ్ళంతా తోటల మీద పడ్డారట. ఒకడు చెప్పిన ధర మీద ఇంకొకడు పెంచి, నాన్న అందరి మీదా పెంచి మూడు తోటలు కొన్నాడట. ఆయన లెక్క తప్పలేదు. ఎన్ని బస్తాలన్నాడో అన్నీ కాసింది. కానీ అందరి తోటలూ కాశాయి. పిక్కలు పలాస వచ్చేకొద్దీ షావుకార్లు వారం వారం ధర దించారు. ఇచ్చిన దానికంటే తక్కువకి అమ్మలేక, ధర వస్తుందని ఆయన వసారాలో పోసుకుని కూర్చున్నాడు. ధర రాలేదు, వాన వచ్చింది.

"పూత సూసి కాపుకి డబ్బులిచ్చీసినాడు నాన" అంది అప్ప. "కాపంతటికీ ముందే ఇచ్చీసినాక, అది ఎంత బాగా కాత్తే మాత్రం మనకేటి మిగులుతాది?"

టై కట్టుకున్న మనిషి, మా పక్క కుర్చీ బావ, మందుల షాపతను వారం రోజులుగా చెప్పలేకపోయింది ఇంతే. నేను కొన్నది పంట కాదు, పంట బాగా వస్తుందన్న మాట. ఆ మాటకి పూర్తి ధర ముందే ఇచ్చేశాను. మాట నిజమైంది, అంతే. నాకు దాని మీద ఇంకేమీ రావలసింది లేదు.

"నాకెందుకు చెప్పలేదప్పా ఇన్నాళ్ళూ?"

"నీకు తెలుసనుకున్నాను" అంది. "ఆ ఏడే కదా నన్ను ఫేట్రీకి అంపినారు. ఒకల్నే సదివించగలనన్నాడు నాన. నువ్వు సదివినావు" అంది.

దెప్పిపొడిచినట్టు అనలేదు. గేదెకి రెండో ఈత అని చెప్పినట్టే చెప్పింది. అప్పకి చదువు మీద ధ్యాస లేక మానేసిందని నేను అనుకునేవాణ్ణి. పంట పోవడమంటే దేవుడు చేసిన పని, దానికి ఎవరూ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఆ కథ నాకు సుఖంగా ఉంది కనుకే దాన్ని ఇన్నేళ్ళు మార్చలేదేమో. నాకు చాలా సిగ్గేసింది. లెక్క చెప్పగలిగిన పిల్లని పీట మీద కూర్చోబెట్టి, చెప్పలేనివాణ్ణి బడికి పంపారు. ఆ చదువుకున్నవాడు పోయి, ఆవిడ మిగుల్చుకున్నది కూడా తెచ్చి అదే బేరంలో పెట్టాడు.

నెల నెలా నేను కొంత ఇస్తాను, ఫ్యాక్టరీకి పోవద్దు అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. నీ జీతంలో ఇంటి లోను వాయిదా పోగా ఏం మిగులుతుందో నాకు తెలీదా అంది. అది నిజమే. పోనీ ఇప్పుడే అమ్మేసి వచ్చినంత తెచ్చి ఇవ్వనా అంటే ఆలోచించింది.

"నీ పిక్కలకి సెమ్మ పట్టదు కదా. ఉండనీ" అంది. "ధర వత్తే సూద్దాం. నా మోకాళ్ళు అందాకా ఆగితే."

నవ్వబోయాను, రాలేదు.

తర్వాత నన్నొక పని చెయ్యమంది. మేస్త్రీకి ఫోన్ చేసి రేపట్నుంచి వస్తానని చెప్పమంది. మిక్చరు తిని వచ్చాక తను చెప్పుకోవడానికి మొహం చెల్లడం లేదట. చేశాను. టెక్కలి ఆఫీసులో పెద్ద పెద్ద వాళ్ళకి జవాబులు చెప్పినవాణ్ణి, ఆ మేస్త్రీతో నాలుగు ముక్కలు చెప్పడానికి తడబడ్డాను. కారణం ఆయన అడగలేదు. ఆవిడ పీట మీద ఎవరినీ కూర్చోబెట్టలేదండీ, రమ్మనండి, అన్నాడు. ఇలా మానేసి వచ్చేవాళ్ళు ఆయనకి అలవాటే కాబోలు.

ఫోన్ పెట్టేసి చూస్తే అప్ప గోడ గూటిలోంచి గుడ్డలో చుట్టిన కత్తి తీసి, గుమ్మం ముందున్న రాతి మీద నూరుతోంది. వేలెడు కూడా లేదు, అరిగి సన్నబడిపోయింది.

"కత్తి ఇచ్చీలేదేటప్పా?"

"లేదు. తరవాత ఇత్తానని సెప్పి తెచ్చీసినాను."

"ఎందుకని?"

ఆవిడ నూరడం ఆపలేదు. "ఎంతకి కొంటన్నావని నిన్నడిగినాను. నువ్వు పూత గురించి సెప్పినావు. అందుకే ఇవ్వలేదు."

అంటే, ఆ రోజు గుమ్మంలో చేపలు ఏరుతూనే ఆవిడకి తెలిసిపోయింది. నేను గుమ్మం మీద కూర్చున్నాను.

"మరి తెలిసి తెలిసి డబ్బెందుకిచ్చావు?"

ఆవిడ కత్తి అంచు బొటనవేలితో చూసుకుంది, గుడ్డతో తుడిచింది. "నువ్వు పుట్టి బుద్ధెరిగి నన్నేటీ అడగలేదురా. మొదటిసారి అడిగినావు. లేదని ఎలగంటాను?" అంది.

సోమవారం పొద్దున్న ఆవిడ ఆటో దిగే చోటికి పోయి, నా బండి మీద ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు దాకా దింపాను. దిగడానికి నా భుజం పట్టుకుంది, కాలు కింద మోపడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు నేను ఆఫీసుకి ఆలస్యంగా పోయాను.